గోంగూర తొడుగులతో తేనీరు – ఇంటిలో తయారుచేయు పద్ధతి

గోంగూర ఎరుగని తెలుగు ఇల్లు లేదు. తెలంగాణలో పుంటికూర అన్నను, కోస్తాలో గోంగూర అన్నను కూర ఒక్కటే. ఆకు కోసి పప్పులో వేయుదుము, పచ్చడి నూరుదుము, ఏడాదికి సరిపడ నిలువ పెట్టుకొందుము. కాని ఆకు ముదిరి, మొక్క పూతకు వచ్చిన పిమ్మట దానివంక చూచువారు తక్కువ. పూలు రాలిన తరువాత కొమ్మల వెంబడి వరుసగా నిలిచియుండు ఎర్రని, పుల్లని తొడుగులు చాలచోట్ల చేనిలోనే ఎండిపోవును. లేనిచో మొక్కతోపాటు పొయ్యిలోనికి పోవును. పట్టణముల అంగళ్ళలో "హైబిస్కస్ టీ" అను పేరుతో చిన్న చిన్న పొట్లములు కట్టి అమ్మునది ఈ జాతి తొడుగులనే. మన పెరటిలో పారవేయుదానిని మనమే అంగడిలో కొనుచున్నాము.

ఇతర దేశములవారు ఈ తొడుగును ఎన్నడును పారవేయలేదు. సూడానులోను, ఈజిప్టులోను దీనితో చేయు పానీయమునకు "కర్కదే" అని పేరు; వేడిగాను, చల్లగాను త్రాగుదురు. సెనెగల్ దేశములో "బిస్సాప్" అందురు. మెక్సికోలో "హమైకా" అందురు. జమైకా ద్వీపములో అల్లము చేర్చి క్రిస్మస్ పండుగకు తప్పక చేయుదురు. మొక్క పుట్టినిల్లు ఆఫ్రికా. మన దేశమునకు వచ్చి ఇక్కడ ఆకుకూరగా స్థిరపడినది.

ఈ తేనీరు కాచుట 6 నిమిషముల పని. అసలు పని అంతకుముందే ఉన్నది. సరియైన మొక్కను ఎన్నుకొనుట, సరియైన రోజున కోయుట, తడి లేకుండ ఎండబెట్టుట – ఈ మూడును కుదిరిన యెడల కాచుటలో తప్పు జరుగదు. ఈ మూడింటిలో ఏది చెడినను ఎంత నేర్పుగా కాచినను ప్రయోజనము లేదు.

ఏ మొక్క? ఏ భాగము?

గోంగూర మందార కుటుంబమునకు చెందిన మొక్క. శాస్త్రనామము హైబిస్కస్ సబ్దారిఫా. పూవు లేత పసుపు రంగులో ఉండి, నడుమ ముదురు ఎరుపు చుక్క కలిగియుండును. ఉదయము విచ్చి, ఆ దినముననే వాడిపోవును. పూవు రాలిన పిమ్మట దాని అడుగున ఉన్న రక్షక పత్రములు ఎండిపోక, లోపలి విత్తనపు కాయను చుట్టుకొని కండపట్టి పెరుగును. ఇవియే మనకు కావలసిన తొడుగులు. అనగా "పూల తేనీరు" అని వాడుకలో అన్నను, ఇందులో పూవు రేకులు లేవు.

గోంగూరలో రెండు తీరుల మొక్కలు కలవు. ఒకటి గుబురుగా, కొమ్మలతో పెరిగి కండగల తొడుగులు ఇచ్చునది. రెండవది కొమ్మలు లేక నిటారుగా పెరిగి నార ఇచ్చునది. దీని తొడుగు పలుచగాను, ముండ్లవంటి నూగుతోను ఉండును. తేనీటికి మొదటిదే తగినది. కాండము ఎర్రగా ఉన్నంత మాత్రమున తొడుగు కండగలదని నమ్మరాదు. కాయను చేతపట్టి చూడవలెను. తొడుగు మందముగా ఉండి, విరిచిన పుటుక్కున విరిగి, నాలుకపై పుల్లగా తగిలినచో అది మంచిది. తొడుగు ఆకుపచ్చగా ఉండు రకములతోను పుల్లని పానీయము వచ్చును గాని, ఎర్రని రంగు రాదు.

ఉత్తర కోస్తా రైతులకు ఇంకొక మాట. ఒకప్పుడు భీమునిపట్నము రేవునుండి ఎగుమతియై "బిమ్లీ జూట్" అను పేరు పొందిన గోగు వేరొక జాతి. దాని శాస్త్రనామము హైబిస్కస్ కన్నాబినస్. గోంగూరకు దగ్గరి చుట్టమే. పూవును చూచిన ఒకటే అనిపించును. కాని దాని తొడుగు కండపట్టదు. నార కొరకు వేసిన చేనిలో తేనీటి తొడుగులు వెదకి ప్రయోజనము లేదు.

మందార పూవు సంగతి

"హైబిస్కస్" అనగానే పెరటిలోని ఎర్ర మందారము అని తలచువారు చాలమంది. ఆ పూవు రేకులను కూడ వేడినీటిలో వేసి త్రాగువారు కలరు. కాని దానికి పులుపు లేదు. దాని నీరు ఊదారంగుగా దిగి, నిమ్మరసము పిండినప్పుడే ఎర్రబడును. పాఠశాలలో పిల్లలు మందార రేకుల నీటితో ఆమ్లమును, క్షారమును గుర్తించు ప్రయోగము చేయుదురు; సంగతి అదియే. గోంగూర తొడుగులో పులుపు స్వతహాగా ఉన్నందున నీరు మొదటనే మాణిక్యమువలె ఎర్రగా దిగును. అంగడి పొట్లములోనిది ఏదో తెలిసికొనుటకు ఇదియే సులభమైన పరీక్ష.

మొక్కలు పెంచుట

ఇంటి వాడుకకు 8 లేక 10 మొక్కలు చాలును. తొలకరి వానలకు, జూన్, జూలై నెలలలో విత్తనము వేయవలెను. నీరు నిలువని నేల కావలెను; నీరు నిలిచిన చోట మొదలు కుళ్ళు తెగులు వచ్చి మొక్క నిలువునా వాడిపోవును. ఆకుకూర కొరకు విత్తనము దగ్గర దగ్గరగా చల్లుదుము. తొడుగుల కొరకైనచో మొక్కకు మొక్కకు 3 అడుగుల ఎడము ఉంచవలెను. పశువుల ఎరువు సరిపోవును. యూరియా ఎక్కువైనచో ఆకే పెరుగును.

ఈ మొక్క పగటి వేళ తగ్గినప్పుడే పూయును. జూన్‌లో వేసినను, ఆగస్టులో వేసినను పూత దసరా దాటిన పిమ్మటనే వచ్చును. ముందు వేసిన మొక్క అప్పటికి పెరిగి, కొమ్మలు వేసి, ఎక్కువ కాయలు కాయును. ఆలస్యముగా వేసిన మొక్క జానెడు ఉండగనే పూతకు వచ్చును. కనుక విత్తుట ఆలస్యము చేయరాదు.

మొక్క మోకాలెత్తు పెరిగినప్పుడు తల త్రుంచిన యెడల ప్రక్క కొమ్మలు వచ్చును. త్రుంచిన చివుళ్ళు కూరకు పనికి వచ్చును. వినాయక చవితి వరకు ఆకు కోసికొనవచ్చును. ఆ పిమ్మట తొడుగులకై ఉంచిన మొక్కల జోలికి పోరాదు. కూరకు వేరే మొక్కలు, తేనీటికి వేరే మొక్కలు అని ముందే విడదీసికొనుట మేలు.

పిండినల్లి ఈ పంటకు ముఖ్య శత్రువు. కొమ్మల చివర తెల్లని పిండివలె కనిపించగానే ఆ కొమ్మను త్రుంచి కాల్చివేయవలెను. మొగ్గ తొడిగిన పిమ్మట ఏ పురుగుమందును చల్లరాదు. ప్రత్తి చేల గట్లపైనను, సాళ్ళ నడుమను పెరిగిన గోంగూర తొడుగులను తేనీటికి కోయరాదు. ప్రత్తికి చల్లిన మందు వాటిపైన కూడ పడును. తొడుగును నీటిలో మరగించి, ఆ నీటినే త్రాగుదుము గనుక ఈ విషయమున పట్టుదల అవసరము.

కోత

పూవు రాలిన సుమారు 15 నుండి 20 దినములకు తొడుగు కోతకు వచ్చును. అప్పుడది నిండుగా, నిగనిగలాడుచు, వ్రేళ్ళతో విరిచిన సులభముగా విరుగును. ఇంకను ఉంచినచో తొడుగు పీచుబారి, లోపలి కాయ ఎండి పగులును. అన్ని కాయలును ఒకేసారి రావు. క్రింది కాయలు ముందు, పై కాయలు తరువాత. కనుక వారమునకు రెండుసార్లు చొప్పున నెల, నెలన్నర వరకు కోయవలసియుండును.

మంచు ఆరిన పిమ్మట ఉదయము పూట కోయవలెను. కోసిన దినముననే మంచినీటిలో కడిగి నీరు ఓడ్చవలెను. పిమ్మట కాయ అడుగున చాకుతో చుట్టూ గాటుపెట్టి, లోపలి విత్తనపు కాయను బొటనవ్రేలితో నెట్టిన బయటకు వచ్చును. విత్తనపు కాయపై ఉన్న నూగు చేతులకు గ్రుచ్చుకొని దురద కలిగించును. వ్రేళ్ళకు గుడ్డ చుట్టుకొనుట మంచిది. మంచి మొక్కలు రెండింటి కాయలను మాత్రము కదలింపక, పూర్తిగా ఎండనిచ్చి వచ్చే ఏటికి విత్తనముగా దాచవలెను.

ఎండబెట్టుట – ముఖ్యమైన పని

పచ్చి తొడుగులో పదింట తొమ్మిది పాళ్ళు నీరే. గింజ తీసిన 10 కిలోల పచ్చి తొడుగులు ఎండిన తరువాత సుమారు 1 కిలో తూగును. ఈ నీరు త్వరగా పోవలెను. రంగు మాత్రము పోరాదు. మండుటెండలో నేరుగా పోసినచో రంగు వెలవెలబోవును. గాలి తగులని గదిలో పోసినచో బూజు పట్టును. కావున గాలి బాగుగా ఆడు నీడలో, నేలకు ఎత్తుగా మంచముపైనగాని, వెదురు తట్టలలోగాని, శుభ్రమైన గుడ్డ పరచి, ఒకదానిపై ఒకటి పడకుండ పలుచగా పరచవలెను. పైన పలుచని గుడ్డ కప్పినచో ఈగలు, దుమ్ము చేరవు. దినమునకు రెండుసార్లు తిరుగవేయవలెను. పొయ్యిప్రక్కన పెట్టరాదు; పొగ వాసన పట్టును. సౌరశక్తితో ఆరబెట్టు పెట్టె ఉన్నవారు 50 నుండి 60 డిగ్రీల వేడిలో ఇంకను త్వరగా ఎండబెట్టుకొనవచ్చును.

మన ప్రాంతమున ఒక చిక్కు కలదు. తొడుగులు కోతకు వచ్చునది నవంబరులో. కోస్తా జిల్లాలలో అది తుఫానుల కాలము. ఇతర జిల్లాలలో వాన లేకున్నను రాత్రి మంచు పడును. పగలంతయు ఎండిన తొడుగు ఒక్క రాత్రి బయట ఉన్న యెడల తడిని మరల పీల్చుకొనును. అందువలన ప్రొద్దు గ్రుంకకముందే తట్టలను లోపలికి తీసికొనవలెను. వాతావరణ శాఖవారు వాన సూచన ఇచ్చినప్పుడు కోత ఆపవలెను. తొడుగు మొక్కపై నాలుగు దినములు ఆగగలదు, తట్టలో ఆగలేదు. కోసిన పిమ్మట ముసురు పట్టినచో, ఆ కోతను సగము ఎండబెట్టి చెడగొట్టుకొనుటకంటె వెంటనే పచ్చడికి వాడుట లాభము. పచ్చిమిరపకాయలతో వేయించి నూరిన తొడుగుల పచ్చడి ఆకు పచ్చడికి తీసిపోదు.

ఎండినదనుటకు గుర్తు ఇది. తొడుగును పిడికిట నలిపినప్పుడు గలగలమని పొడి కావలెను. వంగినచో ఇంకను తడి ఉన్నట్లు. పైకి ఎండినట్లు కనిపించి అడుగున మందమైన చోట తడి దాగియుండుట కద్దు. అందుచేత ఎండిన తొడుగులను గాజు సీసాలో పోసి, మూత బిగించి రెండు దినములు ఉంచి చూడవలెను. సీసా లోపలివైపు ఆవిరి పట్టినను, తొడుగులు మెత్తబడినను వెంటనే తీసి మరల ఆరబెట్టవలెను.

బూజు పట్టిన తొడుగులను కడిగి వాడుదమని గాని, బూజు పట్టినంతవరకు తీసివేసి మిగిలినవి వాడుదమని గాని తలచరాదు. కొన్ని బూజులు పుట్టించు విషము నీరు మరగించినను పూర్తిగా పోదు. అట్టి సీసాను సందేహింపక పారవేయవలెను. రెండు రోజుల అశ్రద్ధకు ఒక ఏటి పంట బలి కాకుండుటకే ఇంతగా చెప్పవలసివచ్చినది.

బాగుగా ఎండినవానిని గాలి చొరని గాజు సీసాలో, వెలుతురు తగులని చోట దాచినచో మరుసటి పంట వచ్చువరకు వాడుకొనవచ్చును. కాలము గడచినకొలది రంగు, రుచి తగ్గును గనుక ఏడాదికి మించి ఉంచరాదు.

తేనీరు కాచు విధానము

కప్పు నీటికి, అనగా 200 మిల్లీలీటర్లకు, 2 గ్రాముల ఎండు తొడుగులు చాలును. నలిపి కొలిచినచో ఇది చిన్న చెంచాడు ఉండును. ఈ లెక్కన కిలో ఎండు తొడుగులు 500 కప్పులకు వచ్చును.

1. నీటిని తెర్లనిచ్చి పొయ్యి ఆపవలెను.
2. తొడుగులను వేసి, మూత పెట్టి 5 లేక 6 నిమిషములు ఉంచవలెను. నీటితోపాటు చాలసేపు మరగించినచో పులుపు మితిమీరును.
3. వడకట్టి, చక్కెర గాని, తేనె గాని రుచికి తగినంత కలుపవలెను. బెల్లము రుచికి బాగుండును గాని ఎరుపు రంగును గోధుమరంగుగా మార్చును.
4. కావలసినవారు చిన్న అల్లపు ముక్కనుగాని, రెండు ఏలకులనుగాని తొడుగులతోపాటు వేయవచ్చును.

పాలు పోయరాదు. పులుపు తగిలి పాలు విరిగిపోవును. టీ అనగానే పాలు పోయు అలవాటు మనది గనుక మొదటిసారి చేయువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

వేసవికి చల్లని పానీయము చేయదలచినచో, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో 20 గ్రాముల తొడుగులు వేసి, మూతపెట్టి రాత్రియంతయు నానబెట్టవలెను. ఉదయము వడకట్టి, అంతే నీరు, తగినంత చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి క్రొత్త కుండలో ఉంచిన చల్లగా ఉండును. ఆ దినమే త్రాగివేయవలెను.

పాత్ర విషయమున మన పెద్దలు చింతపండు పులుసుకు పాటించు నియమమే ఇక్కడను పాటించవలెను. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు, అల్యూమినియము గిన్నెలు పనికిరావు. పులుపు లోహమును కరగించును. స్టీలు, గాజు, పింగాణి, మట్టి పాత్రలు మంచివి. నీటి విషయము కూడ గమనింపవలెను. సున్నపు గుణము ఎక్కువగా ఉన్న బోరు నీటితో కాచినచో రంగు మాసినట్లు కనిపించును. అది తొడుగుల దోషము కాదు. మంచినీరు వాడినచో సరిపోవును. ఎరుపు రంగునిచ్చు ఆంథోసయనిన్‌ల గుణమే అది. పులుపులో ఎర్రబడి, క్షారములో నీలివైపు తిరుగును.

ఆరోగ్యమును గూర్చి ఒక హెచ్చరిక

ఈ తేనీటిలో కెఫీన్ లేదు. కావున రాత్రిపూట త్రాగినను నిద్ర చెడదు. రక్తపోటును తగ్గించునను మాట ఇటీవల ఎక్కువగా వినబడుచున్నది. ఇందులో కొంత నిజము కలదు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రకటించిన పరిశీలనలో, రక్తపోటు కొద్దిగా ఎక్కువగా ఉన్న 65 మందిలో కొందరికి దినమునకు 3 కప్పుల చొప్పున 6 వారములు ఈ పానీయమునిచ్చిరి. వారి పై రక్తపోటు సగటున 7 మిల్లీమీటర్లు తగ్గినది. పోల్చి చూచుటకు వేరొక పానీయము త్రాగించిన వారికి 1 మిల్లీమీటరు మాత్రమే తగ్గినది.

అయితే ఆ పరిశీలనలోనివారు రక్తపోటు మాత్రలు వేసికొనువారు కారు. వారికి కలిగిన మేలును చూచి, మాత్రలు వాడుచున్నవారు మాత్రలు మానివేయుట ప్రాణాపాయము. తేనీరు మందుకు బదులు కాదు. రక్తపోటుకు, మధుమేహమునకు మందులు వాడువారు దీనిని అలవాటుగా త్రాగదలచినచో ముందు వైద్యుని అడుగవలెను. మందు, తేనీరు రెండును కలిసి రక్తపోటును మరీ తగ్గించవచ్చును. గర్భిణులు త్రాగకుండుట మంచిది. కడుపులో మంట గలవారు పరగడుపున త్రాగరాదు. త్రాగిన పిమ్మట నోరు నీటితో పుక్కిలించినచో పులుపు పండ్లకు అంటియుండదు.

అమ్మదలచువారికి

మహిళా సంఘములవారు ఇంటి అవసరమునకు మించి తయారుచేసి అమ్మదలచినచో రెండు సంగతులు తెలిసియుండవలెను. ఒకటి, ఆహార పదార్థములను తయారుచేసి అమ్ముటకు ఆహార భద్రతా శాఖలో పేరు నమోదు చేయించుకొనవలెను. రెండు, మన దేశపు ఆహార ప్రమాణముల ప్రకారము "టీ" అను పేరు తేయాకు మొక్కనుండి వచ్చినదానికే చెల్లును. 2025 డిసెంబరులో భారత ఆహార భద్రత, ప్రమాణముల సంస్థ ఈ విషయమును మరల స్పష్టపరచినది. మన వంటింటిలో ఏ పేరున పిలుచుకొన్నను ఆక్షేపణ లేదు; పొట్లముపై మాత్రము "ఎండిన గోంగూర తొడుగులు" అని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. రోగము తగ్గించునని వ్రాయరాదు.

కొనువారు మొదట చూచునది రంగు, తరువాత గలగలమను పొడితనము. ఒక్క తడి పొట్లము చేరినను సంఘమునకు వచ్చిన మంచి పేరు పోవును. మొదటి సంవత్సరము అమ్మకమునకు తొందరపడక, 10 మొక్కలతో ఇంటికి మాత్రము చేసి చూచుకొనుట మంచిది. తుఫాను కాలములో ఎండబెట్టుట చేతికి అలవడిన తరువాతనే విస్తీర్ణము పెంచవలెను.

ఈ తొలకరికి గోంగూర విత్తనము చల్లునప్పుడు పెరటిలో ఒక సాలు వేరుగా, 3 అడుగుల ఎడముతో వేసి ఉంచుడు. విత్తనము ఎన్నుకొనుటలో సందేహమున్నచో, కాచియున్న కాయను తీసికొని మీ గ్రామ రైతు సేవా కేంద్రమునగాని, మండల వ్యవసాయాధికారినిగాని, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రములోగాని చూపి అడుగుడు.